రిటైరై ఇండియా వచ్చేస్తున్నారా? పెన్షన్ వస్తుంది కానీ మెడికేర్ రాదు.. 'పార్ట్ బీ' రద్దు చేసే ముందు ఈ లెక్క చూడండి!

అమెరికాలో 30 ఏళ్లు ఉద్యోగం చేశారు. పిల్లలు సెటిలయ్యారు. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో ఫ్లాట్ రెడీగా ఉంది. ఇక చాలు, సొంతూరు వెళ్లిపోదాం అనుకుంటున్నారు. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ డాలర్లలో నెలనెలా వస్తుంది, ఇక్కడ ఖర్చులు తక్కువ.. లెక్క అంతా బాగానే ఉంది. కానీ ఆ లెక్కలో ఒక్కటి మిస్సవుతోంది. అదే వైద్యం.

మా బంధువుల్లో ఒకాయన విషయంలో ఇదే జరిగింది. 67 ఏళ్లకి రిటైరై, అమెరికా పౌరసత్వంతోనే కూకట్‌పల్లి వచ్చేశారు. 'ఇక్కడ పనికిరాని ఇన్సూరెన్స్‌కి నెలనెలా డాలర్లు ఎందుకు కట్టాలి' అని మెడికేర్‌లో పార్ట్ బీ రద్దు చేసుకున్నారు. ఆరేళ్ల తర్వాత గుండె వాల్వ్ సమస్య వచ్చింది. 'నాన్నా, ఇక్కడికి వచ్చేయండి, ఇక్కడే చేయిద్దాం' అని కూతురు పిలిచింది. మే నెలలో న్యూజెర్సీలో దిగారు. అప్పుడు తెలిసింది.. మళ్లీ పార్ట్ బీకి అప్లై చేయాలంటే జనవరి దాకా ఆగాలని. కవరేజ్ మొదలయ్యేది ఫిబ్రవరిలో అని. అంటే దాదాపు తొమ్మిది నెలలు! చివరికి తిరుగు టికెట్ కొనుక్కుని వచ్చి హైదరాబాద్‌లోనే ఆపరేషన్ చేయించుకున్నారు. డబ్బులు చేతి నుంచే కట్టారు.

ఆయన చదువుకోనివాడేం కాదు. ఇంజనీర్. రూల్ ఎవరూ చెప్పలేదు, అంతే. అందుకే ఈ స్టోరీ.

అసలు రూల్ ఏంటి?

చాలామంది సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ రెండూ ఒకటే అనుకుంటారు. జీతంలో రెండింటికీ కలిపి కట్ అవుతుంది కాబట్టి అలా అనిపించడం సహజం. కానీ రెండింటికీ పెద్ద తేడా ఉంది. సోషల్ సెక్యూరిటీ అంటే డబ్బు. అమెరికా పౌరులైతే ఇండియాలో ఉన్నా ఆ డబ్బు వస్తూనే ఉంటుంది. మెడికేర్ అంటే 65 ఏళ్లు దాటినవాళ్లకి వైద్య బీమా. ఇది అమెరికా నేల మీదే పనిచేస్తుంది. 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, ప్యూర్టోరికో, గువామ్ లాంటి అమెరికా భూభాగాలు. అంతే. ఆ గీత దాటితే హైదరాబాద్‌లో ఎంత పెద్ద కార్పొరేట్ ఆస్పత్రికి వెళ్లినా మెడికేర్ ఒక్క డాలర్ ఇవ్వదు.

మినహాయింపులు లేవా అంటే ఉన్నాయి. అమెరికాలో ఉండగా ఎమర్జెన్సీ వచ్చి, దగ్గర్లో ఉన్న ఆస్పత్రి సరిహద్దు అవతల ఉంటే కవర్ చేస్తారు. అలాస్కా నుంచి మిగతా అమెరికాకి కెనడా మీదుగా వెళ్తూ దారిలో ఎమర్జెన్సీ వస్తే కవర్ చేస్తారు. ఇలాంటివే. మనకి పనికొచ్చేది ఇందులో ఒక్కటీ లేదు.

ఏ, బీ.. ఏది దేనికి?

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవాలి. మొత్తం స్టోరీ దీని మీదే నడుస్తుంది.

పార్ట్ ఏ అంటే ఆస్పత్రిలో అడ్మిట్ అయితే వచ్చే బిల్లు. మీరు గానీ, మీ జీవిత భాగస్వామి గానీ సుమారు పదేళ్లు, అంటే 40 క్రెడిట్లు, ట్యాక్స్ కట్టి పనిచేసి ఉంటే దీనికి ప్రీమియం సున్నా. కాబట్టి ఇండియాలో ఉన్నా పార్ట్ ఏ అలాగే ఉంచుకోవచ్చు. ఖర్చేమీ లేదు.

పార్ట్ బీ అంటే డాక్టర్ ఫీజులు, ఓపీ, టెస్టులు, స్కానింగ్‌లు. చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. మీరు ఆస్పత్రిలో అడ్మిట్ అయి ఉన్నప్పుడు కూడా సర్జన్ ఫీజు పార్ట్ బీ కిందికే వస్తుంది. బెడ్డు ఖర్చు పార్ట్ ఏది, కోసిన డాక్టర్ ఖర్చు పార్ట్ బీది అన్నమాట. అందుకే 'నాకు పార్ట్ ఏ ఉంది కదా' అని ధీమాగా వెళ్తే అక్కడ ఇరుక్కుంటారు.

పార్ట్ బీకి ప్రీమియం కట్టాలి. 2026లో స్టాండర్డ్ ప్రీమియం నెలకి 202.90 డాలర్లు. ఆదాయం బాగా ఎక్కువ ఉన్నవాళ్లకి ఇంకా పెరుగుతుంది. డాలర్‌ని 90 రూపాయలుగా లెక్కేస్తే ఒక మనిషికి నెలకి 18 వేల పైమాటే. భార్యాభర్తలిద్దరికీ కలిపి 36 వేలు దాటుతుంది. హైదరాబాద్‌లో ఒక మంచి డబుల్ బెడ్రూమ్ అద్దె! సోషల్ సెక్యూరిటీ వచ్చేవాళ్లకి ఇది పెన్షన్ లోంచే కట్ అయిపోతుంది కాబట్టి, ఇండియా వచ్చేసి ఏళ్లు గడిచినా కడుతున్నామన్న సంగతే కొందరు గమనించరు.

మరి రద్దు చేస్తే ఏమవుతుంది?

రద్దు చేసుకోవడం కుదురుతుంది. సీఎంఎస్-1763 అనే ఫారం ఇచ్చి పార్ట్ బీ ఆపేయొచ్చు. కానీ మళ్లీ కావాలంటే పెనాల్టీ ఉంటుంది. పార్ట్ బీ లేకుండా గడిచిన ప్రతి 12 నెలలకీ ప్రీమియం మీద 10 శాతం అదనం. ఇది ఒకసారి కట్టేసి వదిలించుకునే ఫైన్ కాదు. పార్ట్ బీ ఉన్నన్నాళ్లూ, అంటే దాదాపు జీవితాంతం, ప్రతి నెలా కట్టాల్సిందే. పూర్తి 12 నెలలే లెక్క. 11 నెలలకే మళ్లీ చేరితే పెనాల్టీ లేదు.

పెనాల్టీ అనగానే అందరూ భయపడతారు. కానీ ఒకసారి కాగితం మీద లెక్క వేసి చూద్దాం. మా బంధువులాగే ఆరేళ్లు పార్ట్ బీ లేదనుకోండి. ఇప్పటి ప్రీమియంతో చూస్తే ఆరేళ్లలో మిగిలింది 14,608 డాలర్లు. తిరిగి చేరితే 60 శాతం పెనాల్టీ, అంటే నెలకి దాదాపు 122 డాలర్లు అదనం. ఏడాదికి సుమారు 1,461 డాలర్లు. మిగిల్చుకున్న డబ్బంతా ఈ పెనాల్టీ రూపంలో వెనక్కి పోవడానికి ఎన్నేళ్లు పడుతుంది? సరిగ్గా పదేళ్లు.

ఆరేళ్ల బదులు మూడేళ్లు వేసి చూడండి, పదిహేనేళ్లు వేసి చూడండి. జవాబు మారదు. ఎప్పుడూ పదేళ్లే వస్తుంది. ఏడాదికి 10 శాతం కాబట్టి లెక్క అలాగే తేలుతుంది. ప్రీమియం ఏటా పెరుగుతూ ఉంటుంది కాబట్టి నిజ జీవితంలో పదేళ్ల కంటే కాస్త ముందే తేలిపోవచ్చు. అంటే డబ్బు పరంగా మాత్రమే చూస్తే, 75 దాటాక తిరిగి వెళ్లేవాళ్లకి పార్ట్ బీ రద్దు చేయడం అంత నష్టమేమీ కాదు. ఈ మాట వింటే కొందరు ఆశ్చర్యపోతారు. 'పెనాల్టీ పడుతుంది, చచ్చినా రద్దు చేయకు' అనే సలహా వాట్సాప్ గ్రూపుల్లో ఎంత తిరుగుతోందో తెలిసిందే.

అసలు ప్రమాదం పెనాల్టీ కాదు.. క్యాలెండర్!

మా బంధువు దెబ్బతిన్నది డబ్బు దగ్గర కాదు, తేదీల దగ్గర. పార్ట్ బీ వదిలేసినవాళ్లు మళ్లీ చేరడానికి ఏడాదిలో ఒకే ఒక కిటికీ తెరుచుకుంటుంది. జనవరి 1 నుంచి మార్చి 31 వరకు. ఆ మూడు నెలల్లో అప్లై చేస్తే తర్వాతి నెల ఒకటో తేదీ నుంచి కవరేజ్ మొదలవుతుంది. 2023కి ముందైతే ఇంకా ఘోరం. ఎప్పుడు అప్లై చేసినా జులై దాకా ఆగాల్సి వచ్చేది.

ఏప్రిల్ 1న కిటికీ మూతపడుతుంది. ఏప్రిల్‌లో జబ్బు బయటపడితే? 'నేను ఇన్నాళ్లూ విదేశంలో ఉన్నాను, ఇప్పుడే తిరిగొచ్చాను' అని చెప్పినా స్పెషల్ ఛాన్స్ ఇవ్వరు. విదేశంలో ఉండటం ఒక్కటే కారణంగా పార్ట్ బీకి ప్రత్యేక గడువు లేదు. అప్లై చేయడానికే తర్వాతి జనవరి దాకా ఆగాలి. జబ్బుకి క్యాలెండర్ తెలియదు కదా.

దీనికి ఒక మార్గం ఉంది. ప్రీమియం లేని పార్ట్ ఏ ఉన్నవాళ్లు పార్ట్ బీ అప్లికేషన్ పెట్టడానికి అమెరికాలోనే ఉండాల్సిన పనిలేదు. ఇండియాలో ఉంటూనే జనవరి-మార్చిలో పెట్టొచ్చు. కాబట్టి 'వచ్చే ఏడాది పిల్లల దగ్గరికి వెళ్లి ఉండిపోదాం' అని ఇంట్లో మాట మొదలైందంటే, టికెట్ బుక్ చేసే ముందే ఆ అప్లికేషన్ సంగతి చూడాలి. షుగర్, గుండె, కిడ్నీ సమస్యలు మొదలైనవాళ్లు, ఎప్పటికైనా అక్కడికే వెళ్తాం అనే క్లారిటీ ఉన్నవాళ్లు పార్ట్ బీ కడుతూ ఉండటమే మేలని మా అభిప్రాయం. ఇక్కడే ఉండిపోతాం, పిల్లలే వచ్చి చూసి వెళ్తారు అనుకునేవాళ్లకి ఆ 18 వేలు ఇక్కడి ఇన్సూరెన్స్‌లో పెట్టుకోవడమే నయం. మధ్యలో ఊగిసలాడేవాళ్లకే కష్టం. నిజానికి ఎక్కువ మంది ఆ మధ్యలోనే ఉంటారు.

ఇంకా ఉద్యోగంలోనే ఉండి, లేదా భర్తకో భార్యకో ఉద్యోగం ఉండి, కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ నడుస్తున్నవాళ్లకి వేరే రూల్. ఆ ఉద్యోగం గానీ, ఇన్సూరెన్స్ గానీ ఆగాక 8 నెలల్లోపు పెనాల్టీ లేకుండా పార్ట్ బీలో చేరొచ్చు. రిటైరయ్యాక కంపెనీ ఇచ్చే రిటైరీ ఇన్సూరెన్స్‌కి మాత్రం ఇది వర్తించదు. ఇక్కడ పొరపాటు పడేవాళ్లు చాలామంది.

ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు అక్కడ ఉండేవాళ్లకి..

చలికాలం ఇండియాలో, ఎండాకాలం అమెరికాలో గడిపే పెద్దవాళ్లు మన దగ్గర బాగా పెరిగారు. వీళ్లకి మెడిగ్యాప్ పాలసీలు కొంత పనికొస్తాయి. మెడికేర్ కట్టని మొత్తాన్ని భర్తీ చేసే ప్రైవేటు పాలసీలు ఇవి. వీటిలో జీ, ఎన్ లాంటి కొన్ని ప్లాన్లలో విదేశీ ప్రయాణ ఎమర్జెన్సీ కవర్ ఉంటుంది. మొదటి 250 డాలర్లు మీవి, ఆ తర్వాత బిల్లులో 80 శాతం వాళ్లు ఇస్తారు. జీవితం మొత్తానికి పరిమితి 50 వేల డాలర్లు.

వినడానికి బాగుంది కదా. కానీ చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. ప్రయాణం మొదలైన తొలి 60 రోజుల్లో మొదలైన ఎమర్జెన్సీకే ఇది వర్తిస్తుంది. నవంబర్ 10న శంషాబాద్‌లో దిగారనుకోండి. డిసెంబర్‌లో గుండెపోటు వస్తే కవర్ ఉంటుంది. సంక్రాంతికి వస్తే ఉండదు!

మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్‌లో ఉన్నవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. ఆ ప్లాన్ సర్వీస్ ఏరియా వదిలి ఆరు నెలలకి మించి బయట ఉంటే సాధారణంగా ప్లాన్ నుంచి తీసేస్తారు. మందులకి ఉండే పార్ట్ డీ కూడా అమెరికాలో నివసించేవాళ్లకే. అయితే దీంట్లో మాత్రం కాస్త కనికరం చూపించారు. ఇండియాలో ఉన్న కాలానికి పెనాల్టీ వేయరు, తిరిగి వెళ్లిన తర్వాత రెండు నెలల్లో చేరిపోతే చాలు. ఇదే వెసులుబాటు పార్ట్ బీకి ఎందుకివ్వలేదో మాకైతే అర్థం కాలేదు.

ఇక్కడ ఇన్సూరెన్స్ తీసుకుందాం అంటే..

మెడికేర్ రాదని తెలిశాక మిగిలేది ఇండియాలో హెల్త్ పాలసీ. ఇదివరకు 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వడానికి కంపెనీలు ముందుకొచ్చేవి కావు. 2024 ఏప్రిల్ 1 నుంచి ఐఆర్‌డీఏఐ ఆ వయసు అడ్డంకి తీసేసింది. ఎన్నారైలకి, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లకి కూడా చాలా కంపెనీలు పాలసీలు అమ్ముతున్నాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్ పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు.

అయినా ఒక చిక్కుంది. వెయిటింగ్ పీరియడ్. పాలసీ తీసుకునే నాటికే ఉన్న బీపీ, షుగర్, గుండె జబ్బు లాంటి వాటికి గరిష్ఠంగా 36 నెలల దాకా క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే హక్కు కంపెనీకి ఉంది. మోకాళ్ల మార్పిడి, కంటిశుక్లం లాంటి కొన్ని ఆపరేషన్లకీ వెయిటింగ్ ఉంటుంది. 67 ఏళ్ల మనిషికి కావాల్సినవే ఇవి! అక్కడ పార్ట్ బీ ఆపేసి, ఇక్కడ ఆ రోజే పాలసీ తీసుకుంటే మూడేళ్లపాటు రెండు వైపులా ఖాళీ.

అందుకే తెలిసినవాళ్లు చేసే పని ఒకటుంది. ఇండియా వచ్చాక కాదు, రావడానికి మూడేళ్ల ముందే ఇక్కడ పాలసీ తీసుకుంటారు. గ్యాప్ లేకుండా రెన్యూవల్ చేస్తూ పోతే వెయిటింగ్ అక్కడున్నప్పుడే అయిపోతుంది. జబ్బులు దాచకండి. అమెరికాలో పదేళ్లుగా వాడుతున్న మందుల రికార్డు అంతా కంప్యూటర్లో ఉంటుంది. క్లెయిమ్ టైమ్‌లో పాత రిపోర్టులు అడిగితే అదే బయటపడుతుంది, అప్పుడు పాలసీకే ఎసరు. ఐదేళ్లు, అంటే 60 నెలలు, వరసగా కట్టాక మాత్రం మోసం నిరూపిస్తే తప్ప 'ముందు చెప్పలేదు' అనే సాకుతో క్లెయిమ్ తిరస్కరించకూడదు.

మరి 70 దాటినవాళ్లకి కేంద్రం ఇస్తున్న ఆయుష్మాన్ వయ వందన కార్డు? ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే పథకం ఇది. 2024 అక్టోబర్ 29న మొదలైంది. కానీ ఇది భారత పౌరుల కోసం. అమెరికా పాస్‌పోర్టు తీసుకున్న రోజే మన పౌరసత్వం పోయింది. ఓసీఐ కార్డు జీవితకాల వీసా లాంటిదే తప్ప పౌరసత్వం కాదు. గ్రీన్ కార్డుతోనే ఉండి ఇండియన్ పాస్‌పోర్టు వదులుకోనివాళ్ల పరిస్థితి వేరు.

బ్రిటన్ నుంచి వచ్చేవాళ్లకి రివర్స్!

లండన్, బర్మింగ్‌హామ్‌లలో డాక్టర్లుగా, నర్సులుగా పనిచేసి రిటైరైన తెలుగువాళ్లూ తక్కువేం కాదు. వీళ్ల కథ ఇంకోలా ఉంటుంది. ఎన్‌హెచ్‌ఎస్ హక్కు కట్టిన డబ్బుని బట్టి కాదు, ఎక్కడ నివసిస్తున్నారన్న దాన్ని బట్టి. శాశ్వతంగా ఇండియా వచ్చేస్తే ఆ హక్కు పోతుంది. 40 ఏళ్లు ఎన్‌హెచ్‌ఎస్‌లోనే పనిచేసిన డాక్టరైనా సరే, మనవడి పుట్టినరోజుకి వెళ్లినప్పుడు ఆస్పత్రిలో చేరితే బిల్లు కట్టాల్సి రావచ్చు. స్పెయిన్‌లోనో, ఫ్రాన్స్‌లోనో సెటిలైన బ్రిటిష్ పెన్షనర్లకి ఎస్1 అనే ఫారం ఉంది. దానితో అక్కడి వైద్యం ఖర్చు బ్రిటన్ ప్రభుత్వమే భరిస్తుంది. ఇండియాకి ఆ ఫారం లేదు.

కానీ తిరిగి బ్రిటన్‌లో స్థిరపడటానికి వెళ్తే? పెనాల్టీ లేదు, జనవరి కిటికీ లేదు. అక్కడే నివాసం ఉంటున్నారని తేలితే చాలు, ఎన్‌హెచ్‌ఎస్ మళ్లీ మొదలు. ఈ విషయంలో అమెరికా కంటే నయం. పెన్షన్ దగ్గర మాత్రం దెబ్బ పడుతుంది. ఇండియాలో ఉన్నవాళ్లకి బ్రిటిష్ స్టేట్ పెన్షన్ ఏటా పెరగదు. 2025 ఏప్రిల్ తర్వాత వారానికి 230.25 పౌండ్లతో వచ్చేసినవాళ్లకి ఎన్నేళ్లయినా అదే 230.25. ఇక్కడ పాలసీ ప్రీమియాలు మాత్రం వయసుతో పాటు పెరుగుతూనే ఉంటాయి.

ఇక్కడి నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల సంగతి?

ఇది దీనికి అద్దంలో బొమ్మ లాంటిది. మన దగ్గర రిటైరైన టీచర్లు, ఉద్యోగుల హెల్త్ కార్డులు ఇక్కడి నెట్‌వర్క్ ఆస్పత్రుల్లోనే చెల్లుతాయి. డల్లాస్‌లో చూపిస్తే ఉపయోగం లేదు. విజిటర్ వీసా మీద వెళ్లేవాళ్లకి ట్రావెల్ ఇన్సూరెన్సే దిక్కు. అందులో పాత జబ్బులకి కవర్ ఎంతో పాలసీ కాగితంలో చదివి తీరాలి.

పిల్లలు గ్రీన్ కార్డు తీయిస్తే వెంటనే మెడికేర్ వస్తుందనుకోవడం కూడా అపోహే. 65 దాటి, గ్రీన్ కార్డుతో వరసగా ఐదేళ్లు అక్కడే ఉంటే తప్ప చేరే వీలు లేదు. కొడుకో కూతురో ఎన్నేళ్లు ట్యాక్స్ కట్టినా ఆ క్రెడిట్లు అమ్మానాన్నల ఖాతాలోకి రావు. కాబట్టి వాళ్లకి పార్ట్ ఏ కూడా ఉచితం కాదు. 2026లో పూర్తి ప్రీమియం నెలకి 565 డాలర్లు, దానికి పార్ట్ బీ 202.90 అదనం. ఇద్దరు పెద్దవాళ్లకి కలిపితే నెలకి 1,535 డాలర్లు దాటుతుంది. ఈ లెక్క అమ్మానాన్నలతో కాదు, ముందు పిల్లలు కూర్చుని వేసుకోవాల్సింది.